గంట విలువ తెలిసిన ల్యాబ్: నరసాపురంలో మా మావయ్యగారి హోమోసిస్టీన్ పరీక్ష

మే నెలలో మా మావయ్యగారికి వచ్చిన హోమోసిస్టీన్ రిపోర్టులో లీటరుకు 24.6 మైక్రోమోల్ అని ఉంది. సరిగ్గా 12 రోజుల తర్వాత, మధ్యలో ఒక్క విటమిన్ మాత్ర కూడా వేసుకోకుండా, తిండిలో ఏ మార్పూ చేయకుండా నరసాపురంలోని ఈ ల్యాబ్‌కు వెళ్లి మళ్లీ రక్తం ఇస్తే 17.8 వచ్చింది. రెండుసార్లూ పరగడుపునే ఇచ్చారు, రెండుసార్లూ ఉదయమే ఇచ్చారు. ఈ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో తెలుసుకోవడానికి నేను చాలామందిని అడిగాను, కొంత చదివాను, ఈ ల్యాబ్ వాళ్లు రక్తాన్ని ఎలా చూసుకుంటారో దగ్గరుండి గమనించాను. ఈ పరీక్ష చేయించుకోవలసిన వాళ్లు మన వైపు ఇంకా ఉంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. మావయ్యగారికి 71 ఏళ్లు. పుట్టుకతో శాకాహారి, షుగరుకు 14 ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఏప్రిల్ చివర్లో ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేస్తుండగా కుడిచేతిలోని ముద్ద జారి కంచంలో పడింది, ఏదో చెప్పబోతే మాట తడబడింది. పది నిమిషాల్లో అంతా సర్దుకుంది కానీ, ఆ పది నిమిషాలూ మా అత్తయ్యగారు ఆయన చేయి వదలలేదు. భీమవరంలో నరాల డాక్టరుగారికి చూపిస్తే స్కానింగు, గుండె పరీక్షలు, కొలెస్టరాల్ వగైరాలతో పాటు హోమోసిస్టీన్ కూడా రాశారు. ఆ పేరు మేము వినడం అదే మొదటిసారి.

హోమోసిస్టీన్ అనేది మన ఒంట్లోనే తయారయ్యే ఒక అమైనో ఆమ్లం. తిన్న ప్రొటీన్ నుంచి వచ్చే మెథియోనిన్ ఒంట్లో ఖర్చయ్యే దారిలో ఇది పుడుతుంది. బి12, ఫోలిక్ యాసిడ్ సాయంతో కొంత తిరిగి మెథియోనిన్‌గా మారుతుంది, బి6 సాయంతో మరికొంత వేరే దారిన ఖర్చయిపోతుంది. ఈ విటమిన్లు తగ్గినా, మూత్రపిండాలు నెమ్మదించినా, థైరాయిడ్ మందగించినా రక్తంలో ఇది పేరుకుంటుంది. పెద్దల్లో 5 నుంచి 15 దాకా ఉంటే మామూలుగా లెక్కిస్తారు. పుట్టుకతో వచ్చే ఒక అరుదైన జబ్బులో ఇది విపరీతంగా పెరిగిన పిల్లల రక్తనాళాలు దెబ్బతినడాన్ని చూసి, హోమోసిస్టీన్‌కూ రక్తనాళాల జబ్బుకూ సంబంధం ఉందని కిల్మర్ మెకల్లీ అనే అమెరికన్ డాక్టరు 1969లో చెప్పారు. అప్పటి నుంచి పక్షవాతం, గుండెపోటు వచ్చినవారిలో దీన్ని కొలవడం మొదలైంది. విటమిన్లతో ఈ అంకెను తగ్గించడం సులువే అయినా, అలా తగ్గించినంత మాత్రాన గుండెపోట్లు తగ్గలేదని తర్వాత జరిగిన పెద్ద పరిశోధనల్లో తేలింది. ఈ సంగతి డాక్టరుగారు దాచలేదు. శాకాహారి, పైగా మెట్‌ఫార్మిన్ వాడే మనిషి కాబట్టి బి12 లోపం దాగి ఉందేమో చూడడానికే ఈ పరీక్ష రాశానని చెప్పారు.

మొదటిసారి మేము చేసిన పొరపాటు ఇంటికి వచ్చి శాంపిల్ తీసుకునే వాళ్లను పిలవడం. ఆ సంస్థ పేరు నేను చెప్పను, ఎందుకంటే ఆ పద్ధతి అక్కడొక్కచోటే ఉన్నది కాదు. ఉదయం ఆరున్నరకు కుర్రాడు బండి మీద వచ్చాడు. మర్యాదస్తుడు, చెయ్యి నేర్పు ఉన్నవాడు, ఒక్క పోటుతో నరం దొరికించుకున్నాడు. మావయ్యగారు అప్పటికి మంచం మీదే పడుకుని ఉంటే, లేవక్కర్లేదండి అని అలాగే తీశాడు. ట్యూబుకు స్టిక్కరు అంటించి భుజాన ఉన్న నల్ల సంచిలో పెట్టుకున్నాడు. ఆ సంచిలో ఐసు లేదు. టీ ఇస్తూ మాట కలిపితే, ఇంకా మలికిపురంలో రెండిళ్లు, అంతర్వేది వైపు మూడిళ్లు ఉన్నాయని, అవన్నీ చూసుకుని పంటు (గోదావరి రేవు దాటించే పెద్ద పడవ) దాటేసరికి పదిన్నర అవుతుందని, అక్కడి నుంచి మధ్యాహ్నం కారులో పెద్ద ల్యాబ్‌కు వెళ్తాయని తనే చెప్పాడు. మే నెల ఎండలో, ఉప్పుగాలి ఉక్కపోతలో ఆ ట్యూబు అన్ని గంటలు సంచిలో తిరిగిందన్నమాట. అది తప్పని ఆ రోజు నాకు తెలియలేదు. ఆ కుర్రాడికీ ఎవరూ చెప్పి ఉండరు.

రిపోర్టు పట్టుకుని వెళ్తే డాక్టరుగారు అంకె చూసి వెంటనే మందు రాయలేదు. రక్తం ఎన్ని గంటలకు తీశారు, ఎన్ని గంటలకు అందులోని కణాలను విడదీశారు, ఐసులో పెట్టారా అని మూడు ప్రశ్నలు అడిగారు. రెండోదానికి మాత్రం జవాబు చెప్పలేకపోయాను. రిపోర్టులో చూస్తే శాంపిల్ అందిన సమయం మధ్యాహ్నం 2 గంటల 20 నిమిషాలు అని ఉంది. ఆయన పెన్నుతో ఆ సమయం చుట్టూ సున్నా చుట్టి, విటమిన్లు ఏవీ మొదలుపెట్టకుండా మళ్లీ చేయించమని, ఈసారి బి12, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం కూడా కలిపి ఇవ్వమని చెప్పారు. ఈ ల్యాబ్ పేరు కూడా ఆయనే చెప్పారు. సిఫారసు కమిషన్ కోసమేమోనన్న అనుమానం మన వైపు ఎవరికైనా వస్తుంది, నాకూ వచ్చింది. అక్కడికి వెళ్లి చూశాక పోయింది.

ఆ మూడు ప్రశ్నలు ఎందుకో చెప్పాలి. రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చినంత మాత్రాన అందులోని ఎర్రకణాలు పని మానుకోవు. ట్యూబులో ఉన్నా అవి హోమోసిస్టీన్‌ను తయారుచేసి చుట్టూ ఉన్న ప్లాస్మా అనే ద్రవంలోకి వదులుతూనే ఉంటాయి. ఒంట్లో ఉంటే దాన్ని మూత్రపిండాలు, కాలేయం ఎప్పటికప్పుడు తీసేస్తాయి, ట్యూబులో తీసేవాళ్లు ఎవరూ లేరు. అందుకే విడదీయని రక్తాన్ని గది వేడిమిలో ఉంచితే గంటకు సుమారు 10 శాతం చొప్పున అంకె పెరుగుతుంది. అంటే 12 ఉన్న ఆరోగ్యవంతుడి రక్తం కూడా నాలుగు గంటలు ఆలస్యమైతే 15 గీత దాటేసి ఆయన్ను రోగిని చేస్తుంది. ఒకసారి కణాలను, ప్లాస్మాను వేరు చేసేస్తే ఈ పెరుగుదల ఆగిపోతుంది. ఆ తర్వాత ప్లాస్మా గది వేడిమిలో కూడా కొన్ని రోజులు నిలకడగా ఉంటుంది, ఫ్రిజ్‌లో వారాలు, ఐసులా గడ్డకట్టిస్తే ఇంకా చాలాకాలం ఉంటుంది. కాబట్టి ఈ పరీక్షలో రిపోర్టు రెండు రోజులు ఆలస్యంగా వస్తే నష్టం లేదు, విడదీయడం రెండు గంటలు ఆలస్యమైతేనే నష్టం. చాలామంది ల్యాబ్‌ను దీనికి సరిగ్గా తిరగేసి కొలుస్తారు, సాయంత్రానికే రిపోర్టు ఇచ్చిన ల్యాబ్‌ను మెచ్చుకుంటారు.

ఈ ల్యాబ్‌కు ఫోన్ చేసి ఇంటికి వచ్చి తీస్తారా అని అడిగాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి ఏ పరీక్ష అని అడిగి, పేరు చెప్పగానే, "షుగరు, థైరాయిడ్ అయితే పంపిస్తామండి, ఇది మాత్రం మీరే రావాలండి, రేవు దాటి తెచ్చేసరికి పాడైపోద్దండి" అంది. డబ్బు వచ్చే పని వద్దని చెప్పడం నాకు ఆశ్చర్యంగా అనిపించింది. తర్వాత తానే వివరాలన్నీ చెప్పింది. రాత్రి ఎనిమిదిలోపు తేలికగా తినాలి, మాంసం, చేపలు, గుడ్లు తినేవాళ్లయితే ఆ రాత్రికి మానాలి, పొద్దున్న కాఫీ తాగకూడదు, మంచినీళ్లు తాగవచ్చు, వాడే మందుల చీటీ తెచ్చుకోవాలి, బి కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పాలి. ప్రొటీన్ ఎక్కువగా ఉన్న భోజనం చేసిన కొన్ని గంటలకు ఈ అంకె పెరుగుతుంది. మన వైపు రాత్రి రొయ్యల వేపుడు తిని పొద్దున్నే రక్తం ఇవ్వడానికి వెళ్లే ఇళ్లు తక్కువేమీ కాదు కాబట్టి, ఈ మాట ఫోన్‌లోనే చెప్పడం నాకు నచ్చింది.

మర్నాడు మొదటి పంటుకే బయలుదేరాము. గోదావరి పాయ వశిష్ఠ దాటి, రేవు నుంచి ఆటోలో వెళ్లేసరికి ఏడుంబావు. ల్యాబ్ ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఉంది, మెట్లు పద్ధెనిమిది. మావయ్యగారు ఆయాసపడుతూ ఎక్కారు. వెళ్లగానే సూది గుచ్చుతారనుకుంటే, టెక్నీషియన్ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "తాతగారూ, పావుగంట అలాగే కూర్చోండి, కంగారేం లేదు" అన్నాడు. ఇదీ పద్ధతిలో భాగమేనని తర్వాత తెలిసింది. హోమోసిస్టీన్‌లో ఎక్కువ భాగం రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. మనిషి పడుకుని ఉంటే ఒంట్లోని నీరు రక్తంలోకి చేరి ఆ ప్రొటీన్ కొద్దిగా పలచబడుతుంది, దాంతో అంకె కొంచెం తగ్గుతుంది. అందుకని ప్రతిసారీ ఒకేలా, కూర్చోబెట్టి తీయడం మేలు. మొదటిసారి మంచం మీద పడుకున్నప్పుడు తీశారు కాబట్టి ఆ అంకె నిజానికి కొంచెం తక్కువగా రావలసింది, అయినా 24.6 వచ్చిందంటే ఆలస్యం ఎంత పని చేసిందో ఊహించవచ్చు.

రక్తం తీసిన తీరు చెబుతాను, ఎందుకంటే ఈ సమీక్షలో నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే. ముందు పేరు, వయసు మావయ్యగారి చేతనే చెప్పించి చీటీతో సరిచూసుకున్నాడు. రబ్బరు పట్టీ కట్టి, నరం వేలితో తడిమి చూసుకుని, దూదితో తుడిచి, ఆ తడి ఆరేదాకా ఆగాడు. ముసలాయన చేయి, నరాలు సన్నగా ఉన్నాయి, గుప్పిట మూసి తెరవమని మాటిమాటికీ అనలేదు. రక్తం ట్యూబులోకి రావడం మొదలవగానే పట్టీ వదులు చేశాడు. పట్టీ నిమిషం దాటి బిగించి ఉంచితే ఆ చేతిలో రక్తం చిక్కబడి అంకెలు మారతాయి, గట్టిగా లాగితే ఎర్రకణాలు చిట్లిపోతాయి. ముందు పసుపు మూత ట్యూబు, ఆ తర్వాతే ఊదారంగు మూత ట్యూబు నింపాడు. ఊదా ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏలో పొటాషియం ఉంటుంది. అది ముందు నింపి ఆ చుక్క పసుపు ట్యూబులో పడితే పొటాషియం లేనిపోనిది ఎక్కువగా చూపిస్తుంది. ఊదా ట్యూబును గీత దాకా నింపి, నెమ్మదిగా, దోసిట్లో పిచ్చుకపిల్లను తిప్పినట్టు ఎనిమిదిసార్లు తలకిందులు చేశాడు. నేను లెక్కపెట్టాను. ఊపలేదు.

అప్పుడు చేసిన పని మరెక్కడా చూడలేదు. గోడ గడియారం చూసి, ట్యూబు స్టిక్కరు మీద పెన్నుతో 7.41 అని రాశాడు. బల్ల కింద నుంచి మూత ఉన్న థర్మాకోల్ డబ్బా తీశాడు. అందులో నలగ్గొట్టిన ఐసు, నీళ్లు కలిసి ఉన్నాయి, మధ్యలో ఒక చిన్న స్టాండు ఉంది. ఊదా ట్యూబును ఆ స్టాండులో నిలబెట్టాడు. పసుపు ట్యూబును మాత్రం బయటే ఉంచాడు. రెండూ ఎందుకు పెట్టలేదని అడిగితే, "పొటాషియం చూసే రక్తాన్ని చల్లబెడితే కణాల్లోంచి పొటాషియం కారిపోద్దండి, అది గడ్డకట్టాలి, బయటే ఉండాలి" అన్నాడు. ఐసుగడ్డల మీద నేరుగా పెట్టకుండా నీళ్లు కలిపింది ఎందుకో కూడా చెప్పాడు. రక్తం ఒకచోట ఐసులా గడ్డకట్టుకుపోతే కణాలు పగిలిపోతాయట, నీళ్లు కలిపితే చల్లదనం చుట్టూ ఒకేలా అందుతుంది. చల్లదనంలో ఎర్రకణాల పని మందగిస్తుంది కాబట్టి కొంత వ్యవధి దొరుకుతుంది. అయినా ఆ వ్యవధి దొరికింది కదా అని అతను ఎదురుచూడలేదు.

రక్తాన్ని వేగంగా తిప్పి కణాలను విడదీసే సెంట్రిఫ్యూజ్ యంత్రం అద్దాల గదిలో ఉంది, బయటి కుర్చీల్లోంచి కనిపిస్తుంది. 7 గంటల 52 నిమిషాలకు ట్యూబును తీసి తుడిచి అందులో పెట్టాడు. ఎదురుగా అంతే బరువు తూగేలా నీళ్లు నింపిన మరో ట్యూబు పెట్టాడు. నిమిషానికి 3,000 చుట్ల చొప్పున పది నిమిషాలు తిప్పాడు. తిరగడం దానంతటది ఆగేదాకా మూత ముట్టుకోలేదు, చేత్తో ఆపలేదు. నన్ను లోపలికి పిలిచి చూపించాడు. ట్యూబులో కింద ముదురు ఎరుపు, దాని మీద వెంట్రుకవాసి మందాన తెల్లకణాల పొర, పైన పండిన వరిగడ్డి రంగులో తేటగా ప్లాస్మా. అది గులాబీ రంగు తిరిగి ఉంటే కణాలు చిట్లాయని అర్థమట, అప్పుడు మళ్లీ రక్తం తీస్తారట. పిప్పెట్టుతో ప్లాస్మాను పైనుంచి మెల్లగా తీస్తూ, తెల్ల పొరకు అర సెంటీమీటరు ఎత్తులోనే ఆపేశాడు. అక్కడ మిగిలిపోయిన ప్లాస్మా కోసం నాకే ఆశ పుట్టింది కానీ అతనికి పుట్టలేదు. దాన్ని చిన్న మూత ట్యూబులో పోసి పేరు, నంబరు, తేదీ, ప్లాస్మా అన్న మాట, విడదీసిన సమయం 8.06 రాసి ఫ్రిజ్‌లో పెట్టాడు. రక్తం తీసినప్పటి నుంచి 25 నిమిషాలు. గంటలోపు విడదీయాలన్నది నియమం, వీళ్లు సగానికే పూర్తిచేశారు. ఫ్రిజ్ తలుపుకు ఉష్ణోగ్రత రాసే కాగితం వేలాడుతోంది, పొద్దున, సాయంత్రం అంకెలు నింపి సంతకాలు ఉన్నాయి. వెనకాల ఇన్వర్టరు ఉంది.

హోమోసిస్టీన్ కొలిచే యంత్రం ఈ ల్యాబ్‌లో లేదు. ఆ మాట వాళ్లే ముందుగా చెప్పారు. ప్లాస్మాను చల్లని డబ్బాలో పెద్ద ల్యాబ్‌కు పంపిస్తారు, ఎక్కడ కొలిచారో రిపోర్టులో స్పష్టంగా అచ్చు వేస్తారు. మొదట విన్నప్పుడు ఇది లోపమేనేమో అనుకున్నాను. విడదీసిన ప్లాస్మా ప్రయాణాన్ని తట్టుకుంటుందని తెలిశాక, ఊళ్లోనే యంత్రం ఉండి నిర్లక్ష్యంగా తీసే చోటు కంటే ఇదే మేలు అనిపించింది. ల్యాబ్‌ల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందని గోడమీద ఉన్న బోర్డులు చూసి చాలామంది సంతృప్తి పడతారు. ఆ గుర్తింపు ల్యాబ్‌లో చేసే ఏయే పరీక్షలకు వర్తిస్తుందో జాబితా వేరే ఉంటుంది. హోమోసిస్టీన్ ఆ జాబితాలో ఉందా అని అడిగితే, కొలిచే ల్యాబ్ జాబితాను కంప్యూటరులో తెరిచి చూపించారు. విసుక్కోలేదు.

మూడో రోజు రిపోర్టు ఫోనుకు వచ్చింది. హోమోసిస్టీన్ 17.8, బి12 మిల్లీలీటరుకు 168 పికోగ్రాములు, క్రియాటినిన్, పొటాషియం మామూలుగానే ఉన్నాయి. అంటే మావయ్యగారికి లోపం నిజంగానే ఉంది, అంకె నిజంగానే ఎక్కువగా ఉంది, కానీ మొదటి రిపోర్టు భయపెట్టినంత లేదు. రెండు ల్యాబ్‌ల యంత్రాలు, పద్ధతులు వేరు కాబట్టి తేడా మొత్తాన్నీ ఆలస్యం మీదికి నెట్టడం న్యాయం కాదు. అయినా దాదాపు ఎనిమిది గంటలు విడదీయకుండా ఉన్న రక్తానికీ, 25 నిమిషాల్లో విడదీసిన రక్తానికీ మధ్య వచ్చిన 6.8 తేడాను చూసి డాక్టరుగారు రెండో అంకెనే లెక్కలోకి తీసుకున్నారు. మొదటి అంకెనే నమ్మి ఉంటే, మందు మొదలుపెట్టాక వచ్చే తగ్గుదలలో ఎంత మందుది, ఎంత మొదటి రక్తం పాడవడంది అన్నది ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇక లోపాలు. మెట్లు ఎక్కలేని వాళ్లకు కింద రక్తం తీసే ఏర్పాటు లేదు. పక్షవాతం వచ్చిన వాళ్లే ఎక్కువగా చేయించుకునే పరీక్షకు పద్ధెనిమిది మెట్లు ఎక్కించడం సరికాదు. కింద దుకాణం వాళ్లతో మాట్లాడి ఒక కుర్చీ, ఒక ఐసు డబ్బా పెట్టుకున్నా చాలు. రెండోది, టెక్నీషియన్ అంత శ్రద్ధగా స్టిక్కరు మీద రాసిన రెండు సమయాలూ రిపోర్టులో రాలేదు. అందులో ఉన్నది నమోదు చేసిన సమయం, రిపోర్టు ఇచ్చిన సమయం మాత్రమే. డాక్టరుగారు అడిగే ప్రశ్నకు జవాబు ట్యూబు మీద ఉంది, కాగితం మీద లేదు. ఇంత మంచి పని చేస్తూ దాని సాక్ష్యాన్ని పారేయడం నాకు బాధ కలిగించింది. రిసెప్షన్‌లో ఈ మాట చెప్పి, వాళ్ల సలహాల పుస్తకంలో కూడా రాశాను. మూడోది, రిపోర్టు మొత్తం ఇంగ్లీషులోనే ఉంటుంది. 17.8 పక్కన లావుపాటి అక్షరాలతో ఎక్కువ అన్న గుర్తు చూసి మా అత్తయ్యగారు ఆ రాత్రి నిద్రపోలేదు. ఎంత ఎక్కువైతే ఎంత తీవ్రం అన్న వివరం తెలుగులో రెండు వాక్యాలు ఉంటే ఆ రాత్రి గడిచేది. 15 నుంచి 30 లోపు ఉంటే ఓ మోస్తరు పెరుగుదల అని, 100 దాటితేనే తీవ్రమైనదని డాక్టరుగారు మర్నాడు చెప్పాకే ఆవిడ కుదుటపడ్డారు.

డబ్బు విషయానికి వస్తే హోమోసిస్టీన్‌కు మా దగ్గర 1,100 రూపాయలు తీసుకున్నారు. ఇంటికి వచ్చిన వాళ్లు ప్యాకేజీలో భాగంగా తక్కువకే చేశారు. అయితే ఆ తక్కువ డబ్బు పూర్తిగా వృథా అయింది కాబట్టి ఏది చౌక అన్న లెక్క వేరుగా వేసుకోవాలి. కుర్చీలు చాలినన్ని ఉన్నాయి, మంచినీళ్లు ఉన్నాయి. ఆదివారం ఈ పరీక్షకు రక్తం తీసుకోరు, ప్లాస్మా పంపే బండి ఆ రోజు ఉండదు. తీసి ఫ్రిజ్‌లో ఉంచవచ్చు కదా అంటే, సోమవారం రండి అనేశారు. ఈ పట్టుదల కొంచెం ఎక్కువే అనిపించింది కానీ తప్పుపట్టను.

ఇంటికి వచ్చి రక్తం తీసేవాళ్లందరినీ వద్దని నేను అనడం లేదు. కదలలేని పెద్దవాళ్లు ఉన్న లంక గ్రామాల్లో వాళ్లే దిక్కు. థైరాయిడ్, మూడు నెలల షుగరు సగటు లాంటి పరీక్షలకు ఆ ప్రయాణం పెద్దగా తేడా చేయదు. హోమోసిస్టీన్‌కు మాత్రం పిలిచేముందు, తీసిన వెంటనే ఐసు నీళ్లలో పెడతారా, గంటలోపు విడదీసే చోటికి చేరుస్తారా, మీ ఇంటి తర్వాత ఇంకెన్ని ఇళ్లకు వెళ్లాలి అని అడగండి. చివరి ఇల్లు మీదే అయ్యేలా సమయం ఇమ్మని అడిగినా కొంత మేలు. ఎర్ర మూత, పసుపు మూత ట్యూబులో తీసిన సీరంతో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంతో కూడా ఈ పరీక్ష చేస్తారు. రక్తం గడ్డకట్టడానికి అరగంట ఆగాలి, ఆ అరగంటా కణాలు పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి అంకె కొంచెం ఎక్కువ వస్తుంది. అందుకే ఊదా ట్యూబు, ఐసు మేలు. ఒకసారి ప్లాస్మాతో, మరోసారి సీరంతో చేయించి ఆ రెండు అంకెలను పోల్చుకోవద్దు.

డాక్టరుగారు బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టి మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష రాశారు. సెప్టెంబరు మొదటి వారంలో గోదావరికి నీరు బాగా ఉండి పంటు ఆపేశారు, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చుట్టి వెళ్లాము. అదే టెక్నీషియన్, అదే కుర్చీ, అదే పావుగంట. ఈసారి మావయ్యగారే ఊదా ట్యూబు ఐసులో పెట్టారో లేదో మెడ సాచి చూసుకున్నారు. మూడో రోజు రిపోర్టు వచ్చింది. హోమోసిస్టీన్ 11.2. దాని కింద కొత్తగా ఒక వరుస చేరింది, రక్తం తీసిన సమయం 8.34, ప్లాస్మా విడదీసిన సమయం 9.01 అని. ఐదుకు నాలుగున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ మిగిలిన సగం మెట్ల సంగతి తేల్చినప్పుడు ఇస్తాను.